ఆదెమ్మ రోజూ అడిగే అంకె

ఫిబ్రవరి 6, 2025. గురువారం

కల్లాల్లో కాయ ఎండబెట్టే రోజులు. ఊరంతా తుమ్ముతోంది. కిటికీలన్నీ మూసినా మిరప ఘాటు లోపలికి వస్తూనే ఉంది, పిలవని చుట్టంలాగా.

ఆరాధన మూతి ముడుచుకుని లాప్‌టాప్ ముందు కూర్చుంది. నా కూతురి కూతురు. హాస్టల్ గోలలో థీసిస్ సాగడం లేదని నా ఇంట్లో మకాం పెట్టింది. దాని Ph.D. ఒక క్వేజార్ మీద. ఎక్కడో ఒక గెలాక్సీ నడిమధ్య పెద్ద బ్లాక్ హోల్. అందులో పడబోయిన పదార్థంలో కొంత పడకుండా జెట్‌లా బయటికి చిమ్ముతుంది. ఆ జెట్ సరిగ్గా మన వైపే గురిపెట్టి ఉంది. దాని గామా కిరణాలను అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపు పట్టుకుని, లెక్కలన్నీ నెట్‌లో పెడుతుంది. ఎవరైనా తీసుకోవచ్చు. ఉచితం. ఉచితంగా ఇచ్చినా జనం ఎగబడని వస్తువును ఇన్నేళ్లకి చూశాను.

దాని పేరు లారీ నంబరులా ఉంటుంది. ఇంట్లో మేము ‘అది’ అంటాం.

అది కొన్ని నెలలుగా మసకబారింది. ఆరాధనకు కావలసింది స్పెక్ట్రమ్: తక్కువ శక్తి ఫోటాన్లు ఎన్ని, ఎక్కువ శక్తివి ఎన్ని అని చెప్పే గీత. ఆ గీత ఒకచోట కిందికి వంగుతుంది. ఎందుకు వంగుతుందో తేల్చాలంటే ఎక్కువ శక్తివి కావాలి. మసక రోజుల్లో అవి వారానికి ఒకటో అరో వస్తాయట. అర ఫోటాన్ ఉండదే పిల్లా అన్నాను. నవ్వలేదు. ఉమెన్స్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పినన్నాళ్లూ నా జోకులకు ఇదే రెస్పాన్సు. అలవాటే.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఇంటి వెనక ప్రార్థన మందిరంలో స్త్రీల కూడికకు వెళ్లాను. మేము తాతల నాటి లూథరన్ క్రైస్తవులం, మెల్లగా ప్రార్థిస్తాం. దేవుడికి చెవుడు లేదని మా నమ్మకం. ఇక్కడివాళ్లకు ఆ విషయంలో అనుమానం ఉన్నట్టుంది. కానీ మోకాళ్లు పెద్ద చర్చిదాకా రానంటున్నాయి. దగ్గరున్నదే మన సంఘం.

నడిపించేది ఆదెమ్మ. ఒకప్పుడు కల్లాల్లో తాలు కాయలు ఏరేది, ఇప్పుడు మందిరంలో బైబిలు స్త్రీ. మనిషి మంచిది. గొంతు మైకు అక్కర్లేనిది. కూతురు ఫెబా కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరు. ఆ పిల్లకు తొమ్మిదో ఏటి నుంచి షుగరు. ఒంట్లో ఇన్సులిన్ బొత్తిగా తయారుకాని రకం. రోజుకు నాలుగు పోట్లు. వెనక వరుసలో కూర్చుని, చున్నీ చాటున, మిగతావాళ్లు ఫోను చూసుకున్నంత తేలిగ్గా పొడుచుకుంటుంది.

ఆదెమ్మ అందరి ముందూ నన్ను పట్టుకుంది. లెక్చరరమ్మ గారూ, ఇన్నేళ్లలో మీరు ఒక్క ప్రార్థన మనవి చెప్పలేదు, మీకేమీ కొరత లేదా తల్లీ అంది. నా నోరు ఊరుకుంటుందా. ఉంది, మా మనవరాలి క్వేజార్ వెలగడం లేదు, గట్టిగా ప్రార్థించండి అన్నాను. నవ్వుతారనుకున్నాను. ఒక్కరూ నవ్వలేదు. ఆదెమ్మ దాని పేరు మళ్లీ అడిగింది, మనవి వేరే అడ్రసుకు పోకుండా. తర్వాత అందరూ చేతులెత్తి ఒక్క గొంతుతో: తండ్రీ, ఆ క్వేజారును ముట్టు ప్రభువా, ముట్టు.

ఇంటికొచ్చి చెబితే ఆరాధన పొట్ట పట్టుకుని నవ్వింది. సంతోషం. ఎవరో ఒకరు.

ఫిబ్రవరి 10

ఏమీ లేదు. మసకే. వాళ్ల ప్రార్థన అక్కడికి చేరాలంటే వెలుగు వేగంతో పోయినా ఏడు వందల కోట్ల ఏళ్లు పడుతుంది, తొందరపడకు అన్నాను.

ఫిబ్రవరి 13, గురువారం

ఆరాధన కేకకి స్టవ్ మీద పాలు పొంగిపోయాయి. అది లేచింది. మామూలుకి మూడు రెట్లు. సాయంత్రానికి అయిదు. లోకంలోని టెలిస్కోపుల వాళ్లంతా ఒకళ్లకొకళ్లు మెసేజీలు పెట్టుకుంటున్నారట. పిల్ల అన్నం తినలేదు.

నాకూ సంతోషమే. ఇంకేదో కూడా. ఏమిటో తెలియడం లేదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

కూడికలో ఆదెమ్మ అడిగింది, ఏమైందమ్మా మన క్వేజారు అని. అబద్ధం చెప్పడం అలవాటు లేదు. వెలిగింది అన్నాను. చప్పట్లు. ఆదెమ్మ ఏడ్చింది. ఫెబా ఏడవలేదు. నన్నే చూస్తూ ఉండిపోయింది.

ఫిబ్రవరి 16, ఆదివారం

మందిరం గేటుకి ఫ్లెక్సీ. ఆరాధన గ్రాఫు! వాట్సాప్‌లో ఫెబాకి సరదాగా పంపిందట, పాస్టరు ఇమ్మానియేలు గారి దాకా వెళ్లింది. ఎక్స్ యాక్సిస్, వై యాక్సిస్, ఎర్రర్ బార్లతో సహా. పక్కన పావురం. పైన ‘ఆకాశము నుండి జవాబు’. పాస్టరు గారు వందనాలమ్మా అని నా చేతికి మైకు ఇవ్వబోయారు. గొంతు నొప్పన్నాను. ఆదెమ్మ సాక్ష్యం చెప్పింది. నా మనవి, నా వెటకారం పూర్తిగా కడిగేసి, కన్నీళ్లతో చెప్పింది.

మధ్యాహ్నానికి పక్క ఊరి నుంచి ట్రాక్టరు నిండా జనం.

ఆరాధన పొద్దున ఒక మాట చెప్పింది. ఒక వస్తువు ఎంత త్వరగా మారితే అంత చిన్నదన్నమాట. దాని ఈ కొస నుంచి ఆ కొసకి కబురు వెలుగు కంటే వేగంగా పోలేదు కాబట్టి. అది గంటల్లో మారుతోంది గనక, వెలిగే చోటు మన సౌరమండలం అంతే ఉంటుందట. మా ఊరు అరగంటలో మారింది.

ఫిబ్రవరి 18

ఆదెమ్మ ఇంటికొచ్చింది. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి చెప్పాను. ఇవాళ మనం చూసే వెలుగు బయల్దేరినప్పుడు నువ్వు లేవు, నేను లేను, ఈ భూమే లేదు. మీరు ప్రార్థించింది మొన్న. అది వెలిగింది ఏడు వందల కోట్ల ఏళ్ల కిందట. మీ ప్రార్థనకీ దానికీ సంబంధం ఎలా కుదురుతుంది?

కాఫీ గ్లాసు కింద పెట్టింది. కళ్లు పెద్దవయ్యాయి. అంటే అమ్మగారూ, భూమి చెయ్యకముందే, మనం ఫలానా శుక్రవారం అడుగుతామని తెలిసి, అప్పుడే వెలిగించి పంపాడా అంది.

ముప్ఫై ఏళ్ల పాఠాలు ఆవిడ నమ్మకానికి వంటచెరుకయ్యాయి.

ఫిబ్రవరి 20

ఆదెమ్మ రోజూ వస్తోంది. ఇవాళ ఎన్ని రెట్లమ్మా అని అడిగి, అంకె విని, వెళ్లిపోతుంది. ఇవాళ తొమ్మిది. ఎర్రర్ బార్ అంటే ఏమిటో చెబితే ఇట్టే పట్టేసింది: అంటే అటూ ఇటూగా అని కదమ్మా, సంతలో కాటా లాగా అంది. నా బీయస్సీ పిల్లలకు వారం పట్టేది. ఈ వయసులో ఒక శిష్యురాలు. కాస్త గర్వంగానే ఉంది.

ఫిబ్రవరి 24, సోమవారం

పద్నాలుగు. ఎక్కువ శక్తి ఫోటాన్లు ఇప్పుడు దండిగా వస్తున్నాయి. ఆరాధన స్పెక్ట్రమ్ గీసింది. జెట్ పుట్టే చోట చుట్టూ వెలుతురు మబ్బులుంటే, బాగా శక్తి ఉన్న ఫోటాన్లు వాటికి తగిలి దారిలోనే మాయమవుతాయట. చిన్నాచితకా బయటపడతాయి. గీత వంగడానికి అదొక కారణం కావచ్చు. చెప్పేటప్పుడు దాని ముఖం వెలిగిపోతోంది. తల దువ్వుకుని నాలుగు రోజులైంది.

ఫిబ్రవరి 26

శివరాత్రి. కోటప్పకొండ ప్రభలతో రోడ్డు నిండిపోయింది. ఒక ఆటో లేదు. ఆదెమ్మ ఆ జనంలోంచే నడిచొచ్చింది, అంకె కోసం. పద్దెనిమిది అన్నాను. స్తోత్రం అని వెనక్కి తిరిగింది. మంచినీళ్లు కూడా తాగలేదు. ఇంత ఆత్రం ఎందుకని మొదటిసారి అనుమానం వచ్చింది.

ఫిబ్రవరి 28, శుక్రవారం

కూడికలో ఫెబాని చూశాను. దవడలు లోపలికి పోయాయి. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. పాట మధ్యలో లేచి బిందె దగ్గరికి వెళ్లి నీళ్లు తాగింది. మళ్లీ వెళ్లింది. మళ్లీ.

చున్నీ చాటున చెయ్యి కదలలేదు. కూడిక సాగినంతసేపూ చూశాను. ఒక్కసారి కూడా కదలలేదు.

ఇవాళ ఇరవై రెండు.

మార్చి 1, శనివారం

ఫెబాని పనుందని పిలిపించాను. చుట్టూ తిప్పి అడగడం నాకు రాదు. ఇన్సులిన్ మానేశావా అన్నాను.

మానెయ్యలేదు మామ్మ గారూ, తగ్గిస్తున్నాం అంది.

ఎంత?

అది ఎన్ని రెట్లు పెరిగితే అన్ని యూనిట్లు.

అర్థమయ్యాక కూడా మళ్లీ చెప్పమన్నాను. పన్నెండు అంటే రోజు మందులో పన్నెండు యూనిట్లు కోత. పద్దెనిమిది అంటే పద్దెనిమిది. నిన్న ఇరవై రెండు. ఆ పిల్ల రోజుకు వేసుకోవలసింది నలభై. తల్లీకూతుళ్లు మొక్కుకున్నారట. అది పూర్తిగా వెలిగిననాడు సూది పూర్తిగా పోతుందట.

అంకె చెప్పింది నేను. రోజూ, కాఫీ ఇచ్చి మరీ.

తిట్టాను. నోటికొచ్చినట్టు. పిల్ల వింటూ కూర్చుంది. ఆఖరికి మెల్లగా అంది: తొమ్మిదేళ్లప్పటి నుంచి పొడుచుకుంటున్నాను మామ్మ గారూ, పొట్ట మీద చోటు లేదు, ఒక్కసారి అడిగితే దొరుకుతుందేమో చూడాలనిపించింది, మీ మనవికి జవాబు దొరికింది కదా.

మార్చి 2, ఆదివారం

ఆరాధన లాప్‌టాప్ మూసేసింది. ఇక అంకె చెప్పేది లేదంది. తగ్గిందని అబద్ధం చెప్పు అన్నాను. చెప్పినా లాభం లేదు అమ్మమ్మా, ఆ వెబ్‌సైట్ ఫెబాకి మొన్నే నేను చూపించాను, తనే చూసుకుంటుంది అంది.

ఆదెమ్మ ఇంటికి వెళ్లాను. ఆవిడ పద్ధతిలోనే చెబుదామనుకున్నాను. చూడు ఆదెమ్మా, అడగకముందే జవాబు పంపేవాడన్నావు కదా, ఇన్సులిన్ కనిపెట్టి వందేళ్లయింది, నీ కూతురు పుట్టకముందే దాని మందు తయారై ఉంది, అదే జవాబు అనుకోరాదా? ఎంతో బాగా చెప్పాననుకున్నాను. ఆవిడ చిన్నపిల్లని చూసినట్టు చూసి నవ్వింది. అది మనుషులు చేసింది అమ్మగారూ, నక్షత్రాన్ని మనుషులు చెయ్యలేదు కదా అంది.

పాస్టరు గారి దగ్గరికి వెళ్లాను. ఆయనకు ఈ యూనిట్ల సంగతి తెలియదు. ముఖం పాలిపోయింది. నేను మందులు మానమనలేదమ్మా అన్నాడు. ఆ మాట మైకులో చెప్పండి అన్నాను. చూద్దాం, విశ్వాసం సన్నగిల్లకుండా మెల్లగా చెప్పాలి అన్నాడు. బయట పక్క ఊళ్ల ట్రాక్టర్లు మూడు.

మార్చి 4, మంగళవారం

దిగిపోతోంది! నిన్న పదిహేను, ఇవాళ ఏడు. క్వేజార్ మసకబారినందుకు లోకంలో సంతోషించింది నేనొక్కదాన్నే. మీ లెక్క ప్రకారం ఇక మందు పెంచాలి అని కబురు పంపాను.

సాయంత్రం ఆదెమ్మే వచ్చింది. ముఖం ప్రశాంతంగా ఉంది. ఎక్కడం జవాబు అమ్మగారూ, దిగడం పరీక్ష అంది. రేపు భస్మ బుధవారం, నలభై రోజుల ఉపవాసాలకు మొదలు. రేపటి నుంచి అసలు సూదే లేదట.

ఎక్కితే రుజువు, దిగితే రుజువు. ఇక ఏ అంకె చెబితే ఆపగలను?

మార్చి 5

అయిదు.

మార్చి 6, గురువారం

పొద్దునే వెళ్లాను. ఫెబా మంచం మీద ఉంది. రెండుసార్లు వాంతయింది. వంగి నుదురు ముట్టుకున్నాను. నోటి నుంచి బాగా మాగిన పండు వాసన. ఇంత మిరప ఘాటులో కూడా విడిగా తెలిసింది. కెమిస్ట్రీ వాళ్లతో ఒకే స్టాఫ్ రూములో కూర్చున్నదాన్ని, ఆ వాసన ఏమిటో తెలుసు. రక్తం పులుస్తోంది.

108కి ఫోన్ చేశాను. వచ్చారు. పిల్ల లేచి కూర్చుని, నా ఇష్టంతోనే ఉన్నాను, రాను అని వాళ్లకు చెప్పింది. ఇరవై మూడేళ్ల పిల్ల, స్పృహలో ఉంది, సంతకం పెట్టింది. వాళ్లు బతిమాలారు. ఆదెమ్మ గుమ్మంలో నిలబడి పాట అందుకుంది. వాళ్లు వెళ్లిపోయారు.

ఇంటికొచ్చి అన్నం కలిపి ముద్ద ఎత్తలేకపోయాను. రేపు మధ్యాహ్నం ఉపవాస కూడికకు తీసుకొస్తారట. రేపు సాయంత్రానికి ఆ పిల్ల ఉంటుందా?

మార్చి 7, శుక్రవారం. సాయంత్రం, గుంటూరు ఆసుపత్రి వరండా

ఇప్పుడే రాయాలి, రేపటికి నేనే వేరేగా గుర్తుపెట్టుకుంటాను.

మందిరం కిటకిటలాడుతోంది. ఫెబాని గోడకి ఆనించి కూర్చోబెట్టారు. పరుగెత్తుకొచ్చినట్టు శ్వాస, లోతుగా, ఆగకుండా. కళ్లు సగం మూతలు. ఆదెమ్మ చెయ్యి దాని తల మీద. అందరూ చేతులెత్తి అరుస్తున్నారు.

నేను లేచాను. పాస్టరు గారు సంతోషంగా మైకు ఇచ్చారు. ఇన్నాళ్లకి లెక్చరరమ్మ గారి సాక్ష్యం. మొదట నిజమే చెప్పాను. ఈ అమ్మాయి రక్తంలో ఆమ్లం పెరిగింది, ఇంకాసేపట్లో స్పృహ పోతుంది, తర్వాత ప్రాణం పోతుంది అన్నాను. ఎవరూ ఆమేన్ అనలేదు. ఆదెమ్మ జాలిగా చూసింది. వెనక ఎవరో పాట మొదలుపెట్టారు.

అప్పుడు నా గొంతు నాకు వినిపించింది. ప్రభువు ఇవాళ పొద్దున నాతో మాట్లాడాడు.

పాట ఆగిపోయింది.

మాట్లాడలేదు. ఇక్కడైనా నిజం ఉండాలి. పొద్దున నాతో మాట్లాడింది పాలవాడొక్కడే.

కానీ నేను ఆగలేదు. ఆయన ఏమన్నాడంటే, ఫెబా పుట్టకముందే, తల్లి అడగకముందే దానికి జవాబు తయారుచేసి పంపాను, నా జవాబును ఫ్రిజ్‌లో పెట్టి తలుపు ఎందుకు మూశావని ఆదెమ్మని అడగమన్నాడు. గొంతు తగ్గించి, ఒక్కొక్క మాట ఆపి ఆపి చెప్పాను. అంత బాగా చెప్పగలనని నాకే తెలియదు.

మొన్న ఆదివారం ఆవిడ గుమ్మంలో నేను చెప్పింది ఇదే. మాట మారలేదు. నాదంటే నవ్వింది. ఆయనదంటే, గుండెలు బాదుకుంటూ కూలిపోయింది. అయ్యో నా తండ్రీ, నీ జవాబునే తోసేశానా అని ఒకటే ఏడుపు. అందరూ ఏడ్చారు. పాస్టరు గారు కూడా.

సంఘస్థుడు ఏసోబు తన ట్రాలీ ఆటోలోంచి మిర్చి టిక్కీ బస్తాలు నడిరోడ్డు మీదికి తోసేసి బండి తెచ్చాడు. దారంతా ఫెబా తల నా ఒళ్లో ఉంది. ఆదెమ్మ నా పాదాలు పట్టుకునే కూర్చుంది, గుంటూరు వచ్చేదాకా వదల్లేదు.

లోపల డ్రిప్పు ఎక్కిస్తున్నారు. ఇన్సులిన్ కూడా.

మార్చి 8

బతికింది. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదన్నాడు డాక్టరు. చిన్న కుర్రాడు, తల్లీకూతుళ్లని తిట్టే పని నాకు వదిలి వెళ్లాడు. నాకు తిట్టాలనిపించలేదు.

ఫెబా కళ్లు తెరిచి మొదట అడిగిన మాట: నిజంగా మాట్లాడాడా మామ్మ గారూ?

అవునన్నాను.

ఆయన గొంతు ఎలా ఉంటుంది అని అడిగింది. మా పాత హెచ్.ఓ.డి. గొంతులా ఉంటుందనబోయి ఆగాను. మెత్తగా ఉంటుందన్నాను. పిల్ల నవ్వి, చెయ్యి చాపి, నర్సుతో సూది వేయించుకుంది.

మార్చి 9, ఆదివారం

ఆరాధన నాతో సరిగ్గా మాట్లాడడం లేదు. కదిపితే బయటికొచ్చింది. అమ్మమ్మా, నువ్వు డేటా ఫ్యాబ్రికేట్ చేశావు అంది. ప్రాణం నిలిచింది కదే అన్నాను. రిజల్టు బాగున్నంత మాత్రాన డేటా నిజం అయిపోదు అని నువ్వే చెప్పేదానివి అంది. నిజమే. నేనే చెప్పేదాన్ని.

కాసేపటికి దగ్గరికొచ్చి స్పెక్ట్రమ్ చూపించింది. వెలుగు ఇరవై రెట్లు పెరిగినా, మళ్లీ దిగినా, ఆ వంపు ఉన్నచోటనే ఉంది. ఇసుమంత కూడా జరగలేదు. ఇదే నా పేపరు అంది. మంచి పేపరు. నిజాయితీగల పేపరు.

ఇవాళ మందిరానికి వెళ్లలేదు. ఇక్కడి నుంచే నా పేరు మైకులో వినిపించింది.

మార్చి 11, మంగళవారం

పాస్టరు గారి దగ్గరికి వెళ్లి ఒప్పేసుకున్నాను. ఏ గొంతూ వినలేదు, పిల్లని ఆసుపత్రికి పంపాలని కల్పించాను, ఈ ఆదివారం మీరే అందరికీ చెప్పండి అన్నాను. ఆయన చేతులు జోడించాడు. మీకు తెలియదమ్మా, మీరు కల్పించలేదు, మీచేత చెప్పించాడు అన్నాడు. కాదు బాబూ, నాకు తెలుసు కదా అన్నాను. మోషే ప్రవక్తకి కూడా మొదట్లో అలాగే ఉండేదన్నాడు.

సరే, నేనే చెప్తానని ఆదెమ్మ ఇంటికి బయల్దేరాను. ఫెబా డిశ్చార్జి అయి ఇంట్లోనే ఉంది. నన్ను చూడగానే లేచి, నా ఎదుటే ఇన్సులిన్ పెన్ను తీసి పొడుచుకుంది. ఇప్పుడు నొప్పి తెలియడం లేదు మామ్మ గారూ, ఆయన పంపిందని తెలిశాక అంది. ఒకవేళ ఆ గొంతు నా భ్రమ అయితేనో అన్నాను, నవ్వుతూనే. పిల్ల నవ్వలేదు. సూది తీసిన చోట దూది అదుముతూ ఆలోచించి, అప్పుడు ఇది కూడా ఆయనది కాదు కదా అంది.

చెప్పలేదు. మజ్జిగ ఇస్తే తాగి వచ్చేశాను.

మార్చి 12

ఆరాధన హైదరాబాద్ వెళ్లింది. పేపరు అక్కడ రాసుకుంటుందట. బస్సు ఎక్కుతూ, అమ్మమ్మా జాగ్రత్త అంది. ఆరోగ్యం గురించి అనలేదు.

గేటు దగ్గర ఎవరో కొబ్బరికాయ పెట్టి పోయారు. క్రైస్తవులు కూడా కాదు.

మార్చి 13

తలుపు వేసుకున్నాను. కొడుతున్నారు.

మార్చి 14, శుక్రవారం

తెల్లారేసరికి గుమ్మం నిండా చెప్పులు. తలుపు తీశాను, ఏం చేస్తాను. హాల్లో, వరండాలో కూర్చున్నారు.

ఏసోబుకి గుండెలో స్టెంటు వెయ్యాలన్నారట. ప్రభువు వేయించుకోమంటేనే వేయించుకుంటాడట. వేయించుకోమన్నాడు అన్నాను. ఇది తేలిక.

తర్వాత శాంతి. భర్త చీమకుర్తి క్వారీ పనికి వెళ్లి నాలుగేళ్లు, కబురు లేదు. ఉన్నాడా లేడా అమ్మా, అడిగి చెప్పండి, లేడంటే పుస్తెలు తీసేస్తాను అంది.

అందరూ నా నోటి వంక చూస్తున్నారు. ఆ చూపులు భరించలేక ఊరికే కళ్లు మూసుకున్నాను.

ఒక్కసారిగా ఇన్ని మోకాళ్లు నేలకు తగిలిన చప్పుడు.